గాలికి దారి ఇచ్చిన తోట



రెండేళ్ళ కిందట జూలైలో ఇదే పత్రికలో ఒక ఫొటో వచ్చింది. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. వనమహోత్సవం రోజున మన బ్రాంచి వెనకున్న ఖాళీ స్థలంలో నలభై మంది ఆరో తరగతి పిల్లలు, నలభై మొక్కలు, ప్రతి మొక్కకీ ఒక పిల్లవాడి పేరు రాసిన అట్టముక్క. ఆ ఫొటో కింద వాక్యం రాసింది నేనే. 'మీ పిల్లలతో పాటే ఈ మొక్కలూ పెరుగుతాయి' అని రాశాను.

సెప్టెంబరు నాటికి ఆ నలభైలో ఆరు మిగిలాయి. ఆ సంగతి మాత్రం ఏ సంచికలోనూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

వనమహోత్సవం 1950లో కె.ఎం. మున్షీ గారు కేంద్ర మంత్రిగా ఉన్నప్పుడు మొదలైందని ఆ రోజు అసెంబ్లీలో మైకు ముందు చెప్పాను. మొక్క నాటడం గురించి నాకు తెలిసింది అంతే. నాటిన తర్వాత ఏం చేయాలో చెప్పలేదు. చెప్పడానికి నాకే తెలియదు. కడియం నుంచి వచ్చిన ఆరడుగుల మొక్కలు కొన్నాం. ఫొటోలో బాగా కనిపిస్తాయని పెద్దవే ఎంచుకున్నాం. గోతులు తీయించి, నాటి, పక్కన కర్ర పాతి, కొమ్మ కదలకుండా పైనుంచి కింద దాకా తాడుతో బిగించి కట్టాం. నీళ్ళు పోశాం. ఇంటికి వెళ్ళిపోయాం.

మన స్థలం ఎలాంటిదో మీకు తెలుసు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు చున్నీలు, చేతిలో ఫీజు రసీదులు ఎగిరిపోయే చోటు అదే. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఉన్నాం. సముద్రం దగ్గర. వేసవి నుంచి వానాకాలం చివరి దాకా నైరుతి గాలి ఎడతెగకుండా వీస్తుంది. మనకు దగ్గర్లోనే ఉన్న ఎర్రమట్టి దిబ్బలు చూసే ఉంటారు. వేల ఏళ్ళ కిందట గాలి ఎగరేసుకొచ్చి పోగేసిన ఇసుకే కాలక్రమంలో ఎర్రబడి అలా నిలిచిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. దిబ్బల్నే కట్టిన గాలికి మన మొక్కలు ఒక లెక్కా?

ముందు ఆకుల అంచులు మాడాయి. నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోశాం. తర్వాత కొన్ని తాడు దగ్గర విరిగాయి. కొన్ని వేళ్ళతో సహా పక్కకి ఒరిగాయి. ఒకరోజు తోటమాలి ఎండిపోయిన మొక్కలన్నీ పీకేసి, వాటికున్న పేర్ల అట్టముక్కల్ని దొంతరగా పేర్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే హోంవర్కు పుస్తకాలు ఇవ్వడానికి వచ్చిన ఒక పాప ఆ దొంతర చూసింది. అందులో తన పేరు వెతుక్కుంది. దొరికాక 'మిస్, నాది కూడా చచ్చిపోయిందా?' అంది.

ఆ 'నాది' అన్న మాట దగ్గర నాకు జవాబు రాలేదు. మొక్కకి పిల్ల పేరు పెట్టడం ఎంత తొందరపాటో అప్పుడు అర్థమైంది. మొక్క బతికితే సంతోషమే. చనిపోతే ఆ అట్టముక్క చూసి పదకొండేళ్ళ పిల్ల ఏమనుకోవాలి?

అక్కడితో ఆ స్థలాన్ని వదిలేద్దామన్నారు కొందరు. గోడ ఇంకా ఎత్తు పెంచుదామన్నారు ఇంకొందరు. నర్సరీ అతను కోనోకార్పస్ పెట్టమన్నాడు. ఏడాదిలో పచ్చటి గోడలా లేస్తుందన్నాడు. లేచే మాట నిజమే. కానీ పర్యావరణానికీ, ఆరోగ్యానికీ మంచిది కాదని గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్కని నాటడమే నిషేధించింది. ఎర్ర గన్నేరు ఎంత గాలికైనా, ఉప్పుకైనా తట్టుకుంటుందని మరొకరు చెప్పారు. అదీ నిజమే. కానీ గన్నేరులో ఆకు నుంచి వేరు దాకా అంతా విషం. ఎల్‌కేజీ పిల్లలు ఆడుకునే చోట అది పెట్టలేం.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. చెప్పాలంటే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

నేను ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు తండ్రి వృత్తి అన్న చోట 'బిజినెస్' అని రాశాను. స్టాఫ్ రూములో ఎవరైనా అడిగితే అదే చెప్పేదాన్ని. మా నాన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి రైతు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని మా ఊళ్ళో పెద్దవాళ్ళు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ అన్నీ కలిసి పెరిగే చోటు. అలాంటి ఊళ్ళో పుట్టి, ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఇంగ్లీషు చెప్పే నాకు 'రైతు' అన్న మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఎవరూ నన్ను చిన్నచూపు చూడలేదు. నేనే చూసుకున్నాను.

ఆ నవంబరులో మా చిన్నాన్న కూతురి పెళ్ళికి నాన్న విశాఖ వచ్చారు. ఆదివారం నాకు రికార్డుల పని ఉండి స్కూలుకి వస్తుంటే, 'నీ బడి నానెప్పుడూ సూడలేదు' అని వెంట వచ్చారు. నేను ఆఫీసు గదిలో పని చూసుకుని బయటికి వచ్చేసరికి ఆయన వెనక స్థలంలో, మిగిలిన ఆరు మొక్కల్లో ఒకదాని దగ్గర గొంతుకూర్చుని ఉన్నారు.

'ఇంత బిగించి కట్టీసారేటమ్మా? మొక్క ఊగాల. ఊగితేనే మొదలు లావెక్కుద్ది' అన్నారు.

తాడు విప్పి చూపించారు. కర్రకి బిగించిన చోట కాండం నా చిటికెన వేలంత కూడా లేదు. తర్వాత ఎండిన మొక్కనొకదాన్ని తవ్వి వేళ్ళు చూపించారు. ప్లాస్టిక్ సంచిలో ఏళ్ళ తరబడి చుట్టూ తిరిగిన వేళ్ళు, మట్టిలోకి వచ్చాక కూడా ఆ సంచి ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. పైన ఆరడుగులు, కింద జానెడు. అలాంటి మొక్కని గాలిలో నిలబెట్టడమంటే గొడుగు తెరిచి ఇసుకలో గుచ్చడమే.

గోడ ఎత్తు పెంచే సంగతి చెప్పాను. నాన్న నవ్వారు. 'గోడ కడితే గాలి ఆగుద్దనుకున్నారేటి? అది ఎగిరొచ్చి ఇవతల గిరగిరా తిరుగుతాది. గాలికి గోడ కాదమ్మా, జల్లెడ కట్టాల.'

ఆ మాట సోమవారం నుంచి మా క్లాసుకి పని అయింది. నాన్న చెప్పారు కాబట్టి నమ్మేయొద్దు, చూద్దాం అన్నాను పిల్లలతో. ఇరవై నాలుగు కర్రలకి ఎర్ర రిబ్బన్లు కట్టి స్థలమంతా వరుసగా పాతాం. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఇద్దరు పిల్లలు వెళ్ళి ఏ రిబ్బను ఎటు ఎగురుతోందో గీసుకొచ్చేవారు. రెండు వారాలకి చార్టు తయారైంది. మధ్యలో రిబ్బన్లన్నీ ఒకే వైపు. గోడ వెనక వరుసలో మాత్రం ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, ఒకటి వెనక్కి. గాలి గోడెక్కి దూకి, వెనక ఖాళీలో సుడులు తిరుగుతోంది. బిల్డింగుకీ గోడకీ మధ్య ఇరుకు మూలలో రిబ్బను రెండుసార్లు చిరిగిపోయింది. పైపు నోటికి వేలు అడ్డం పెడితే నీళ్ళు జోరుగా చిమ్మినట్టే, ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది. మొదటి విడతలో ఆ మూలలో నాటిన ఎనిమిదీ చనిపోయాయి. కారణం ఆ చార్టు చూశాకే తెలిసింది.

సైన్సు సారు మిగతాది వివరించారు. సగం మూసి, సగం ఖాళీలున్న అడ్డు గాలిని ఆపదు, నెమ్మది చేస్తుంది. వెనక సుడులు పెద్దగా ఉండవు. అడ్డు ఎత్తుకి సుమారు పది రెట్ల దూరం దాకా గాలి జోరు బాగా తగ్గుతుంది. పిల్లలు వెంటనే లెక్క వేశారు. ఏడడుగుల అడ్డు పెడితే డెబ్బై అడుగులు. మన స్థలం వెడల్పు నలభై అయిదు అడుగులే. సరిపోతుంది!

ముందు దడి కట్టించాం. తాటికమ్మల దడి, మన పల్లెల్లో పెరళ్ళకి కట్టేదే. కమ్మకీ కమ్మకీ మధ్య సందులు ఉండేలా. 'దడి ఎనకాల సిన్న మొక్కలెట్టండి. సెట్టు ఎదిగీసరికి దడి దానంతటదే సివికిపోద్ది' అని నాన్న ఫోనులో చెప్పారు. మరుసటి జూన్‌లో వానలు పడ్డాక మొక్కలు నాటాం. ఈసారి ఏదీ అడుగున్నర మించలేదు. కర్ర కావలసిన వాటికే పెట్టాం. తాడు కింది భాగంలో, మొక్క ఊగేంత వదులుగా, ఒక్కచోటే కట్టాం.

దడి వెంట రెండు వరుసల్లో, ఎదురుబొదురుగా కాకుండా వంకరటింకరగా, నలభై ఎనిమిది సరుగుడు మొక్కలు. సరుగుడు ఆకులు అని మనం అనుకునే సన్నటి పచ్చటి పుల్లలు నిజానికి కొమ్మలే. ఆకులు వాటి కణుపుల దగ్గర పొలుసుల్లా ఉంటాయి. ఒక పుల్ల తుంచి కణుపుల దగ్గర విడదీసి చూడమని మీ పిల్లల్ని అడగండి, చూపిస్తారు. గాలిని జల్లెడ పట్టడానికి ఇంతకంటే తగిన చెట్టు మన తీరంలో లేదు. పైగా వేళ్ళలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో నత్రజనిని పట్టుకుని ఇసుక నేలకి బలం ఇస్తుంది.

దాని వెనక పొదలు. వావిలి, తంగేడు, నూరు వరహాలు. వావిలాకు నలిపి వాసన చూసిన ఒక బాబు 'మా అమ్మమ్మ ఇంట్లో దోమలకి వేసే పొగ వాసన' అన్నాడు. తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చేదని కరీంనగర్ నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబంలోని పాప మాకు చెప్పింది. పొదల ముందు నిమ్మగడ్డి. నీళ్ళు జారిపోయే వాలులో వట్టివేరు. దాని వేళ్ళు మూడు మీటర్ల లోతు దాకా దిగగలవు కాబట్టి మట్టిని పట్టి ఉంచుతుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇరుకు మూల. అక్కడ ఏం నాటాలని పెద్దవాళ్ళం తల పట్టుకుంటుంటే, ఒక పిల్లవాడు 'అక్కడ చెట్లు వద్దు మిస్, గాలికే ఇచ్చేద్దాం' అన్నాడు. ఇచ్చేశాం. నేల మీద, బీచ్‌లో ఇసుకని అంటిపెట్టుకుని పాకే ఊదా పూల తీగ, అదే మేక గిట్టలాంటి ఆకులుండే తీగ, పరిచాం. మధ్యలో పిల్లలు చేసిన గాలిచక్రాలు గుచ్చాం. ఎల్‌కేజీ పిల్లలు ఇప్పుడు ముందు పరుగెత్తేది ఆ మూలకే.

నడుమ ప్రశాంతంగా ఉన్న చోట రెండు బెంచీలు, బంతి, కనకాంబరం, తులసి, గోంగూర మళ్ళు. ఈసారి ఏ మొక్కకీ ఏ ఒక్కరి పేరూ లేదు. వరుసకి ఒక సెక్షన్. ఒక మొక్క పోతే ఎవరూ ఒంటరిగా బాధపడరు. అందరూ కలిసి ఇంకోటి నాటుతారు.

ఇది జరుగుతుండగా ఒక తండ్రిగారు ప్రిన్సిపాల్ మేడంకి ఉత్తరం రాశారు. 'ఇంత ఫీజు కడుతున్నది మా అబ్బాయి చేత మట్టి పని చేయించడానికా?' అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. మీరు కట్టే ప్రతి రూపాయి వెనక ఎంత కష్టం ఉందో మీకే తెలుసు. అందుకని లెక్క చెబుతాను. ఈ పని అంతా శనివారం చివరి క్లబ్ పీరియడ్‌లో జరిగింది. రిబ్బన్ల కొలతలకి రోజుకి అయిదు నిమిషాలు. గోతులు తోటమాలి తీశాడు. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు పీరియడ్లు ఒక్కటీ పోలేదు. పైగా 'ఎ విండీ డే' అన్న కాంపోజిషన్‌లో ఏటా 'ద విండ్ ఈజ్ బ్లోయింగ్' దగ్గర ఆగిపోయే పిల్లలు ఈసారి రెండేసి పేజీలు రాశారు. రాయడానికి చూసింది ఉంది కాబట్టి. ఆ తండ్రిగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అది ఆయన హక్కు. వాళ్ళబ్బాయి మాత్రం గాలిచక్రాల టీములో ఉన్నాడు.

ఇంకొక్క మాట. మొక్కలు నాటిన వారం నాన్న మళ్ళీ వచ్చారు, ఈసారి నేను పిలిస్తే. పిల్లలకి సరుగుడు ఎలా నాటాలో ఆయనే చూపించారు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మెట్ల మీద కూర్చున్నాం. మాటల్లో తిత్లీ తుఫాను వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140 కిలోమీటర్లకు పైగా గాలి. ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు ఆ ఒక్క పూటలో పడిపోయాయి. మా తోటలో నిలబడినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

'సముద్రం ఏపు మన సరుగుళ్ళు ఉండుంటే కొన్నైనా నిలబడేవేమో' అన్నారు నాన్న, మామూలుగా, వాన గురించి మాట్లాడినట్టు.

ఆ సరుగుడు వరుస ఏమైందో నాకు తెలుసు. ఆ వేసవిలోనే కొట్టించి అమ్మారు. ఆ డబ్బుతో నేను బీఈడీలో చేరాను. ఇన్నేళ్ళూ ఈ రెండు సంగతులూ నాకు విడివిడిగా తెలుసు. రెండిటినీ ఒకచోట పెట్టి ఎప్పుడూ చూడలేదు.

'నా ఫీజుకే కదా నాన్నా' అన్నాను.

ఆయన కాసేపు దడి వైపు చూశారు. 'ఉన్నా పడిపోయేవేమోలే. అంత గాలికి ఏది ఆగుతాది? సదువు పడిపోలేదు కదా' అన్నారు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి నా దరఖాస్తులో 'బిజినెస్' కొట్టించి 'రైతు' అని రాయించాను. క్లర్కు గారు ఎందుకని కూడా అడగలేదు.

ఇప్పటి సంగతి. నలభై ఎనిమిది సరుగుళ్ళలో నలభై ఒకటి ఉన్నాయి. నన్ను దాటి ఎదిగాయి. దడి నాన్న చెప్పినట్టే చివికి రాలుతోంది. తంగేడు రెండుచోట్ల పట్టలేదు. మళ్ళీ నాటుతాం. మొదటి విడతలో బతికిన ఆరింటిలో, తాడు విప్పాక, అయిదు నిలదొక్కుకున్నాయి.

మీలో చాలామంది అపార్ట్‌మెంట్లలో, పై అంతస్తుల్లో ఉంటారు. బాల్కనీలో మొక్క బతకడం లేదని పేరెంట్స్ మీటింగులో కొందరు అడిగారు. మాకు తెలిసింది చెబుతాను. గ్రిల్లుకి ప్లాస్టిక్ షీటు పూర్తిగా మూసి కట్టకండి. సందులున్న వెదురు తడిక గానీ, సగం నీడనిచ్చే షేడ్ నెట్ గానీ కట్టండి. కుండీల్ని పిట్టగోడ మీద కాకుండా నేల మీద, దగ్గరదగ్గరగా గుంపుగా పెట్టండి. కిందనుంచి వెళ్ళేవాళ్ళకీ క్షేమం. గాలి మట్టిని త్వరగా ఆరబెడుతుంది, అందుకని వేలు గుచ్చి చూసి నీళ్ళు పోయండి. కలబంద, నిమ్మగడ్డి, గడ్డి గులాబీ, కాగితం పూలతో మొదలుపెట్టండి. చిన్న మొక్కే కొనండి. కర్రకి కట్టాల్సి వస్తే వదులుగా కట్టండి.

వచ్చే పేరెంట్స్ మీటింగు రోజు పది నిమిషాలు ముందు రండి. మార్కుల జాబితా చూసే ముందు ఆ బెంచీ మీద ఒకసారి కూర్చోండి. గోడ అవతల చెట్లు ఊగిపోతుంటాయి, మీ చేతిలో కాగితం మాత్రం ఎగరదు. ఇంట్లో తాతగారో నాయనమ్మో ఉంటే వాళ్ళనీ తీసుకురండి. తంగేడు ఎందుకు పట్టలేదో మాకింకా అర్థం కాలేదు. వాళ్ళకి తెలిసి ఉండొచ్చు.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లీషు టీచర్